డీప్‌స్కై ఫొటోగ్రఫీ: తొలి టెలిస్కోప్ ఎంపిక

సౌరకుటుంబానికి ఆవల ఉన్న నీహారికలు, నక్షత్ర గుచ్ఛాలు, గెలాక్సీలను ఖగోళ ఔత్సాహికులు ‘డీప్‌స్కై’ వస్తువులు అంటారు. వాటిని ఫొటో తీయడం, చంద్రుణ్నీ గ్రహాలనూ తీయడం లాంటిది కాదు. గురువు, శని కాంతిమంతంగా ఉంటాయి, కానీ చాలా చిన్నగా కనిపిస్తాయి. వాటికి పెద్ద టెలిస్కోప్, ఎక్కువ మాగ్నిఫికేషన్, సెకనులో చిన్న వంతు ఎక్స్‌పోజర్ కావాలి. నీహారికల సంగతి ఇందుకు తలకిందులు. చాలా నీహారికలు ఆకాశంలో చంద్రబింబం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి, వెలుగు మాత్రం అతి స్వల్పం. వాటి నుంచి వచ్చే కాంతిని నిమిషాలు, గంటల తరబడి పోగుచేస్తేనే బొమ్మ కడుతుంది. అంతసేపూ భూమి తిరుగుతూనే ఉంటుంది.

ఎంపికలోని చిక్కంతా ఈ ఒక్క వాస్తవం నుంచే పుడుతుంది. కంటితో చూడటానికైతే ‘ఎంత పెద్ద అద్దమైతే అంత మేలు’ అన్న సూత్రం నిలుస్తుంది. ఫొటోకు, అందులోనూ తొలి ఫొటోకు, అది నిలవదు. కొత్తవారు సాధారణంగా తమ డబ్బులో ముప్పావు వంతు పెద్ద గొట్టానికి పెట్టి, మిగిలినదానితో దాన్ని నిలబెట్టే స్టాండు కొంటారు. ఆరు నెలలు తిరగకుండా రెండూ అటక ఎక్కుతాయి. చిన్న టెలిస్కోప్, దాన్ని మోసే గట్టి మౌంట్ అన్నది ఈ రంగంలో అనుభవం ఉన్నవారంతా చెప్పే మాట. ఆ మాట వెనుక ఉన్న కారణాలు తెలిస్తే ఎంపిక దానంతటదే తేలుతుంది.

తొలి ఫొటోలు నేర్పినది

అమెరికా వైద్యుడు, ఖగోళవేత్త హెన్రీ డ్రేపర్ 1880 సెప్టెంబర్ 30న 11 అంగుళాల వక్రీభవన దూరదర్శినితో ఓరియన్ నీహారికను ఫొటో తీశాడు. ఒక నీహారికకు తీసిన మొదటి ఫొటో అది. ఎక్స్‌పోజర్ 51 నిమిషాలు. అంతసేపు దూరదర్శినిని నక్షత్రాల వెంట నడిపింది గడియార యంత్రం. మూడేళ్లకు ఇంగ్లండ్‌లో ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ 36 అంగుళాల దర్పణంతో అదే నీహారికను తీసినప్పుడు, కంటికి ఎన్నడూ కనిపించని నక్షత్రాలు ప్లేటు మీద పడ్డాయి. మనిషి కంటికి అందనిది ఫొటోకు అందుతుందని తేలింది. 1888 డిసెంబర్‌లో ఐజాక్ రాబర్ట్స్ 20 అంగుళాల దర్పణంతో తీసిన ఫొటోలో ఆండ్రోమెడా గెలాక్సీ సర్పిలాకారం బయటపడింది.

కొత్తవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన పేరు మాత్రం ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్. నిరుపేద కుటుంబంలో పుట్టి, తొమ్మిదో ఏట నాష్‌విల్‌లో ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. ఎండ వెలుగుతో ఫొటోలను పెద్దవి చేసే యంత్రాన్ని రోజంతా సూర్యుడి వైపే తిప్పుతూ ఉండటం ఆ పిల్లవాడి పని. పెద్దయ్యాక అతను లిక్ అబ్జర్వేటరీ చేరాడు. అక్కడ 36 అంగుళాల మహా దూరదర్శిని ఉన్నా, పాలపుంత ఫొటోలకు అతను వాడింది స్టూడియోలో మనుషుల బొమ్మలు తీయడానికి తయారైన 6 అంగుళాల లెన్సు. పక్కనే అమర్చిన చిన్న దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని గంటల తరబడి చూస్తూ, అది చోటు తప్పినప్పుడల్లా చేత్తో సరిదిద్దేవాడు. పాలపుంతలోని చీకటి మేఘాల రూపురేఖలు ఆ చిన్న లెన్సు తీసిన ఫొటోల్లో స్పష్టంగా కనిపించాయి. చిన్న నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్), విశాలమైన దృశ్యం, తప్పని అనుసరణ (ట్రాకింగ్) అనే బర్నార్డ్ పద్ధతి నేటి కొత్తవారికీ సరిపోతుంది.

ఆకాశాన్ని ఫొటో తీసిన చరిత్రలో తెలుగు నేలకూ చోటుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశం మొత్తాన్నీ ఫొటోలుగా నమోదు చేసిన అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ పనిలో పాలుపంచుకుంది. దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాద్ వాటాకు వచ్చింది. ఆ తరవాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా తీశారు. అందుకు వాడినది 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్, అంటే కంటితో చూడటానికి కాక ఫొటో కోసమే చేసిన దూరదర్శిని. అదే సంస్థలో పనిచేసిన ఉద్యోగి కొడుకు, హైదరాబాద్‌లో పెరిగిన వైను బప్పు, 1949లో హార్వర్డ్‌లో ఒక ఫొటో ప్లేటు మీదనే కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. నాటి ప్లేట్ల స్థానంలో నేడు ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చాయి. పని సూత్రాలు అవే.

ఏ వస్తువు ఎంత పెద్దది?

టెలిస్కోప్ ఎంచుకునే ముందు ఆకాశంలో వస్తువుల కొలతలు తెలియాలి. నిండు చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. ఆండ్రోమెడా గెలాక్సీ మూడు డిగ్రీలు, అంటే ఆరుగురు చంద్రులను వరసగా పేర్చినంత. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు దాదాపు రెండు డిగ్రీలు. ఓరియన్ నీహారిక ఒకటిన్నర డిగ్రీకి కాస్త తక్కువ. రోజెట్ నీహారిక, ధనురాశిలోని లగూన్ నీహారిక కూడా ఇంచుమించు అంతే. సిగ్నస్‌లోని నార్త్ అమెరికా నీహారిక రెండు డిగ్రీలు. ఫ్రెంచ్ ఖగోళవేత్త చార్లెస్ మెస్సియే 1781 నాటికి 103 వస్తువులతో ప్రచురించిన జాబితా ఇప్పుడు 110కి చేరింది. కొత్తవారు అందులోంచి మొదట తీయాలని ఆశపడేవన్నీ ఇంచుమించు ఈ పెద్దవే.

మరో వర్గం ఉంది. లైరాలోని రింగ్ నీహారిక ఒకటిన్నర ఆర్క్‌నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌నిమిషం) కూడా ఉండదు, చంద్రుడి వెడల్పులో ఇరవయ్యో వంతు. వర్ల్‌పూల్ గెలాక్సీ 11 ఆర్క్‌నిమిషాలు, సోంబ్రెరో తొమ్మిది. వీటికి పొడవైన నాభ్యంతరం కావాలి. అవి రెండో ఏడాది పని.

నాభ్యంతరం అంటే వాడుకలో ఫోకల్ లెంగ్త్. కెమెరాలో ఎంత ఆకాశం పడుతుందో నిర్ణయించేది అదే. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మామూలు డీఎస్ఎల్ఆర్‌ను 250 మి.మీ. నాభ్యంతరానికి తగిలిస్తే సుమారు 5.4 డిగ్రీల వెడల్పు, 3.6 డిగ్రీల ఎత్తు పడుతుంది. 400 మి.మీ. వద్ద 3.4కు 2.2. 1000 మి.మీ. వద్ద 1.35కు 0.9. 2000 మి.మీ. వద్ద ముప్పావు డిగ్రీ కూడా ఉండదు. అంటే 2032 మి.మీ. నాభ్యంతరం గల 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోప్ కొన్నవారికి ఆండ్రోమెడాలో నడిమి ముద్ద తప్ప మరేమీ దక్కదు. అదే 400 మి.మీ. చిన్న టెలిస్కోప్‌లో గెలాక్సీ మొత్తం, పక్కనున్న రెండు ఉపగెలాక్సీలతో సహా, చోటు మిగిలేలా ఇముడుతుంది.

కొనేముందు ఈ కొలతలను కళ్లతో చూసే ఉపాయం ఉంది. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ కెమెరా, టెలిస్కోప్ వివరాలు నింపితే, తెరమీది ఆకాశంలో దీర్ఘచతురస్రం గీసి చూపుతుంది. మీరు తీయదలచిన అయిదారు వస్తువుల మీద దాన్ని జరిపి చూడండి. అంగడివాడి మాట కంటే ఆ గీత నమ్మదగినది.

పిక్సెల్ లెక్క

ఒక్కో పిక్సెల్ ఎంత ఆకాశాన్ని చూస్తుందో తేల్చే లెక్క చిన్నది. పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, మిల్లీమీటర్లలో నాభ్యంతరంతో భాగించాలి. ఇప్పటి చాలా ఖగోళ కెమెరాల్లో ఉన్న 3.76 మైక్రాన్ల పిక్సెల్‌కు 400 మి.మీ. నాభ్యంతరంతో 1.9 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌నిమిషంలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌సెకను) వస్తుంది. 1000 మి.మీ.తో 0.78. 2032 మి.మీ.తో 0.38.

వాతావరణపు కదలిక వల్ల మన ఊళ్లలో నక్షత్రాలు మామూలు రాత్రుల్లో రెండు, మూడు ఆర్క్‌సెకన్ల చుక్కలుగా పరుచుకుంటాయి. అంతకంటే చాలా సన్నగా కోసే పిక్సెల్ వల్ల కొత్త వివరమేదీ రాదు. వచ్చేది మసక, దాంతోపాటు తప్పులను పెద్దవి చేసి చూపే గుణం. ఒక పిక్సెల్‌కు ఒకటిన్నర నుంచి రెండున్నర ఆర్క్‌సెకన్ల మధ్య ఉంటే కొత్తవారికి హాయి.

ఇప్పుడు భూమి సంగతి. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు కదులుతుంది. 400 మి.మీ. టెలిస్కోప్‌లో అనుసరణ లేకుండా ఒక్క సెకను తీస్తే నక్షత్రం దాదాపు ఎనిమిది పిక్సెళ్లు జరిగిపోతుంది. 2032 మి.మీ. వద్ద నలభై దాకా జరుగుతుంది. నాభ్యంతరం అయిదింతలైతే తప్పు కూడా అయిదింతలుగా కనిపిస్తుంది. పొడవాటి టెలిస్కోప్‌తో మొదలుపెట్టినవారు నెలల తరబడి గుడ్డు ఆకారపు నక్షత్రాలతోనే కుస్తీపడటానికి కారణం ఇదే.

నాభి నిష్పత్తి

నాభ్యంతరాన్ని ముందు కటకం వ్యాసంతో భాగిస్తే నాభి నిష్పత్తి వస్తుంది. 80 మి.మీ. వ్యాసం, 400 మి.మీ. నాభ్యంతరం ఉంటే అది ఎఫ్/5. ఈ అంకె తగ్గేకొద్దీ ఒక్కో పిక్సెల్ మీద పడే నీహారికా కాంతి పెరుగుతుంది. అదే కెమెరాతో ఎఫ్/4 వద్ద గంటలో వచ్చే బొమ్మకు ఎఫ్/8 వద్ద నాలుగు గంటలు పడుతుంది. అలాగని ఎఫ్/2 దాకా దిగితే వేరే కష్టం మొదలవుతుంది. అక్కడ ఫోకస్ కొన్ని మైక్రాన్లు తప్పినా బొమ్మ చెడుతుంది, కెమెరా ఇసుమంత వాలినా మూలల్లో నక్షత్రాలు తోకలు చాపుతాయి. ఎఫ్/5 నుంచి ఎఫ్/6 దాకా మొదటి టెలిస్కోప్‌కు మంచి చోటు.

సమయం గురించి మరో నిజం కూడా ముందే తెలియాలి. బొమ్మలో నికరమైన కాంతికీ గరుకుదనానికీ మధ్య నిష్పత్తి ఎక్స్‌పోజర్ వర్గమూలం ప్రకారం పెరుగుతుంది. బొమ్మ రెట్టింపు నునుపుగా రావాలంటే నాలుగింతల సమయం కావాలి. ఆ సమయాన్ని ఒక్క పొడవాటి ఎక్స్‌పోజర్‌గా తీయరు. ముప్పై సెకన్లో, రెండు నిమిషాలో చొప్పున పదులు, వందల ఫ్రేములు తీసి సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. సిరిల్, డీప్‌స్కైస్టాకర్ ఈ పనిని ఉచితంగా చేస్తాయి.

మౌంట్: అసలు పరికరం

టెలిస్కోప్‌ను మోస్తూ ఆకాశం వెంట తిప్పే యంత్రం మౌంట్. మొత్తం ఖర్చులో సగం దీనికే పెట్టాలన్నది ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం. మంచి మౌంట్ మీద మామూలు లెన్సు మంచి ఫొటో ఇస్తుంది. వణికే మౌంట్ మీద ఎంత ఖరీదైన టెలిస్కోప్ అయినా ఏమీ ఇవ్వదు.

మౌంట్లు రెండు తీరులు. కిందికీ పైకీ, పక్కలకూ తిరిగేది ఆల్ట్-అజిమత్. కంటితో చూడటానికి ఇది సుఖం. నక్షత్రాన్ని నడిమధ్యలో ఉంచగలిగినా, రాత్రి గడిచేకొద్దీ దృశ్యం తనచుట్టూ తాను తిరుగుతుంది. ఫొటోలో మధ్య నక్షత్రం చుక్కగానూ అంచుల నక్షత్రాలు గీతలుగానూ పడతాయి. ఈక్వటోరియల్ మౌంట్ ఒక అక్షాన్ని భూమి అక్షానికి సమాంతరంగా, ధ్రువం వైపు చూపుతుంది. ఆ ఒక్క అక్షం మీద 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు తిరిగితే ఆకాశం కెమెరాలో నిలిచిపోతుంది. గంటల తరబడి ఎక్స్‌పోజర్ పోగుచేసే డీప్‌స్కైకి ఈక్వటోరియలే తగినది.

మౌంట్ మీద రాసి ఉండే బరువు పరిమితి కంటి చూపు కోసం చెప్పేది. ఫొటో కోసమైతే అందులో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు మాత్రమే ఎక్కించాలి. టెలిస్కోప్ ఒక్కటే కాదు, కెమెరా, గైడ్‌స్కోప్, మంచు పట్టకుండా చుట్టే హీటర్ పట్టీ, వైర్లు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. స్కైవాచర్ స్టార్ అడ్వెంచరర్ జీటీఐ వంటి చిన్న మౌంట్ పరిమితి 5 కిలోలు. దాని మీద మూడు కిలోల సామాను నిశ్చింతగా నిలుస్తుంది. 80 మి.మీ. టెలిస్కోప్, గైడింగ్ సామాను కలిపి అయిదారు కిలోలయితే హెచ్ఈక్యూ5 తరగతి మౌంట్ కావాలి. ఈమధ్య ప్రతిభారం అక్కర్లేని హార్మోనిక్ గేరు మౌంట్లు వచ్చాయి. మేడ మెట్లెక్కి సామాను మోసుకోవలసినవారికి అవి వరమే కానీ ధర ఎక్కువ.

బర్నార్డ్ కంటితో చేసిన పనిని ఇప్పుడు చిన్న గైడ్ కెమెరా చేస్తుంది. ఒక నక్షత్రాన్ని చూస్తూ, అది పిక్సెల్‌లో కొంత భాగం జరిగినా మౌంట్‌కు సవరణ పంపుతుంది. పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీన్ని నడుపుతుంది. మౌంట్‌కు గైడింగ్ సదుపాయం ఉందో లేదో కొనేముందే అడగాలి.

తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, విదేశీ పుస్తకాల్లో అది పెద్దగా కనిపించదు. ధ్రువ నక్షత్రం మన ఆకాశంలో చాలా కింద ఉంటుంది. ఎక్కడి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువం అంత ఎత్తు. హైదరాబాద్‌లో 17 డిగ్రీల పైచిలుకు, విజయవాడలో పదహారున్నర, తిరుపతిలో పదమూడున్నర. లండన్‌లో యాభై ఒకటిన్నర. మనకు పక్కింటి గోడో, కొబ్బరిచెట్టో, ఊరిమీది దుమ్మో ధ్రువుణ్ని దాచేస్తుంది. అందువల్ల రెండు జాగ్రత్తలు. మొదటిది, మౌంట్ తల అంత కిందికి వంగుతుందో లేదో చూసుకోవాలి. యూరప్ అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన కొన్ని మౌంట్లు ఇక్కడ బిగుసుకుంటాయి, ప్రతిభారపు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. రెండోది, ధ్రువ నక్షత్రం కనిపించకపోయినా అక్షాన్ని సరిచేసే పద్ధతి నేర్చుకోవాలి. నీనా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆకాశంలో మరోచోట మూడు ఫొటోలు తీసి, నక్షత్రాలను గుర్తుపట్టి, అక్షం ఎటు ఎంత తప్పిందో చెబుతాయి. పాతకాలపు డ్రిఫ్ట్ పద్ధతి కూడా పనిచేస్తుంది, ఓపిక కావాలి.

టెలిస్కోప్ రకాలు

వక్రీభవన దూరదర్శిని, అంటే రిఫ్రాక్టర్, మొదటి ఎంపికగా మిగతావాటిని దాటి నిలుస్తుంది. ముందు కటకాలు, వెనక కెమెరా. అద్దాలు సరిచూసే పని లేదు, సంచిలో పడుతుంది, బయట పెట్టిన కాసేపటికే చల్లబడి పనికి సిద్ధమవుతుంది. అయితే ఏ రిఫ్రాక్టర్ అన్నది ముఖ్యం. చవకగా దొరికే అక్రోమాట్లు అన్ని రంగులనూ ఒకేచోట కేంద్రీకరించలేవు. కాంతిమంతమైన ప్రతి నక్షత్రం చుట్టూ నీలి, ఊదా వలయం పడుతుంది. కంటికి అంతగా తెలియని ఆ వలయం కెమెరాకు బాగా తెలుస్తుంది. ఫొటో కోసం తక్కువ విక్షేపణ గల ఈడీ గాజు ఉండాలి. అందులో ఎఫ్‌పీఎల్-51 కంటే ఎఫ్‌పీఎల్-53 గాజు మెరుగు. అయినా గాజు పేరు ఒక్కటే చూసి మోసపోకూడదు, జత కటకమూ, నునుపు చేసిన తీరూ అంతే ముఖ్యం. రెండు కటకాల ఈడీ డబ్లెట్ మొదటి టెలిస్కోప్‌కు చాలు. మూడు కటకాల ట్రిప్లెట్ ఇంకా శుభ్రంగా ఉంటుంది, బరువూ ధరా పెరుగుతాయి.

రిఫ్రాక్టర్‌లో దృశ్యం సహజంగా గిన్నెలా వంగి ఉంటుంది. సెన్సర్ మాత్రం చదును. అందుకే మధ్యలో నక్షత్రాలు చుక్కలుగా ఉన్నా మూలల్లో సాగిపోతాయి. దీన్ని సరిచేసే కటకం పేరు ఫీల్డ్ ఫ్లాటెనర్. చాలావాటికి, ఫ్లాటెనర్ వెనక అంచు నుంచి సెన్సర్ దాకా సరిగ్గా 55 మి.మీ. ఎడం ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా మూలలు చెడతాయి. టెలిస్కోప్ కొని ఫ్లాటెనర్ మరిచిపోవడం కొత్తవారు మామూలుగా చేసే పొరపాటు. ఫ్లాటెనర్ లోపలే అమరి ఉండే పెట్జ్‌వల్ తరహా టెలిస్కోప్‌లతో ఈ ఎడం గొడవే ఉండదు. విలియం ఆప్టిక్స్ రెడ్‌క్యాట్ 51 ఈ కోవలోది, 250 మి.మీ. నాభ్యంతరం, ఎఫ్/4.9. ఆస్కార్ ఎఫ్ఆర్ఏ400 మరొకటి, 72 మి.మీ. వ్యాసం, ఎఫ్/5.6. ఖర్చు తగ్గించుకునేవారికి స్కైవాచర్ ఎవోస్టార్ 72ఈడీ వంటి డబ్లెట్, నాభ్యంతరం 420 మి.మీ., దానికి విడిగా ఫ్లాటెనర్.

న్యూటోనియన్ దర్పణ దూరదర్శిని అదే ధరకు ఎక్కువ కాంతినిస్తుంది. 130 మి.మీ. వ్యాసం, 650 మి.మీ. నాభ్యంతరం గల స్కైవాచర్ 130పీడీఎస్‌ను ఇందుకు ప్రసిద్ధమైనదిగా చెప్పుకోవచ్చు. దర్పణంలో రంగు దోషమే ఉండదు. కానీ అద్దాలను తరచూ సరిచూడాలి, దృశ్యం అంచుల్లో నక్షత్రాలు తోకచుక్కల్లా సాగే కోమా దోషానికి కరెక్టర్ కొనాలి, గొట్టం లావుగా ఉండటంతో గాలి విసురుకు ఊగుతుంది. కంటి చూపు కోసం చేసిన చాలా న్యూటోనియన్లలో కెమెరా పెడితే ఫోకస్ కుదరనే కుదరదు, నాభి గొట్టం లోపలే పడిపోతుంది. పనిముట్లు విప్పి బిగించడం ఇష్టమున్నవారు దీన్ని ఎంచుకోవచ్చు. మిగతావారికి మొదట వద్దు.

ష్మిట్-కాసెగ్రెయిన్ చూడటానికి ముచ్చటగా పొట్టిగా ఉంటుంది, కానీ లోపల కాంతి మడతలు పడి, 8 అంగుళాల దానిలో సుమారు 2000 మి.మీ. నాభ్యంతరం అవుతుంది. గ్రహాలకు చక్కనిది. మక్సుతోవ్‌ది కూడా ఇదే దారి, సాధారణంగా ఎఫ్/12 దరిదాపుల్లో లేదా ఆపైన ఉంటుంది. రిచీ-క్రెతియెన్ చిన్న గెలాక్సీలకు మేలైనదే అయినా దాని అద్దాలు కుదర్చడం అనుభవజ్ఞులకే కష్టం. డాబ్సోనియన్‌తో కంటికి కలిగే ఆనందం మరే టెలిస్కోప్‌తోనూ కలగదు, దాన్ని ఫొటోకు అడగవద్దు.

మీ దగ్గర ఇప్పటికే డీఎస్ఎల్ఆర్, 135 లేదా 200 మి.మీ. లెన్సు ఉంటే అసలు టెలిస్కోప్ కొనకుండానే మొదలుపెట్టవచ్చు. చిన్న అనుసరణ మౌంట్ మీద అది ఓరియన్ ప్రాంతాన్నీ పాలపుంత మేఘాలనూ అద్భుతంగా తీస్తుంది. మౌంట్ ఎలాగూ తరవాత టెలిస్కోప్‌కు పనికొస్తుంది.

కెమెరా, ఎండాకాలం

మామూలు కెమెరాల సెన్సర్ ముందుండే ఫిల్టర్, హైడ్రోజన్ వెలువరించే 656 నానోమీటర్ల ఎర్రని కాంతిలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. రోజెట్ వంటి ఎర్ర నీహారికలు అందుకే వెలవెలబోతాయి. కొందరు ఆ ఫిల్టర్ తీయించి కెమెరాను మార్పిస్తారు. గెలాక్సీలకూ నక్షత్ర గుచ్ఛాలకూ ఆ అవసరం లేదు.

వేడి సంగతి మనకు మరీ ముఖ్యం. సెన్సర్ ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ అందులో వేడివల్ల పుట్టే గరుకుదనపు ప్రవాహం రెట్టింపవుతుంది. మే నెల రాత్రి 28 డిగ్రీల్లో పనిచేసే డీఎస్ఎల్ఆర్ బొమ్మ, చలిదేశంలో సున్నా డిగ్రీల్లో తీసినదానికి ఎప్పటికీ సాటిరాదు. బయటి ఉష్ణోగ్రతకు ముప్పై, ముప్పై అయిదు డిగ్రీలు తక్కువకు దింపే శీతలీకరణ కెమెరాలు అందుకే వచ్చాయి. అవి రెండో అడుగు. మొదటి ఏడాది డిసెంబర్, జనవరి రాత్రులను వాడుకుంటే డీఎస్ఎల్ఆర్‌తోనే పని జరుగుతుంది.

స్మార్ట్ టెలిస్కోప్

2023లో వచ్చిన జెడ్‌డబ్ల్యూఓ సీస్టార్ ఎస్50 ఈ చర్చను కొంత మార్చింది. 50 మి.మీ. వ్యాసం, 250 మి.మీ. నాభ్యంతరం, కెమెరా, మౌంట్, ఫిల్టర్ అన్నీ ఒకే పెట్టెలో. బరువు రెండున్నర కిలోలు. ఫోన్‌లో వస్తువు పేరు నొక్కితే తానే వెతికి, తానే ఫ్రేములు పేర్చి చూపుతుంది. దృశ్యం 1.3కు 0.7 డిగ్రీలే కాబట్టి ఆండ్రోమెడా ఒక్క ఫ్రేములో పట్టదు, సెన్సర్ చిన్నది, కాబట్టి పెద్ద ప్రింటుకు చాలదు. బడి పిల్లలకు చూపించాలనుకునే ఉపాధ్యాయులకూ, వారానికి ఒక్క రాత్రి మాత్రమే తీరిక దొరికేవారికీ ఇది నిజంగా మంచి ఎంపిక. పని నేర్చుకుని, ముందుముందు ఒక్కో భాగాన్నీ మార్చుకుంటూ ఎదగాలనుకునేవారు విడివిడి పరికరాలే తీసుకోవాలి.

మన ఆకాశం

ఆకాశపు చీకటిని 1 నుంచి 9 దాకా కొలిచే స్కేలును జాన్ బోర్టిల్ 2001లో ప్రతిపాదించాడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నడిబొడ్డులు ఆ స్కేలు చివరి అంకెల్లో ఉంటాయి. ఎర్ర నీహారికల కాంతి ప్రధానంగా కొద్ది తరంగదైర్ఘ్యాల్లోనే వస్తుంది కాబట్టి, హైడ్రోజన్, ఆక్సిజన్ గీతలను మాత్రమే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో నగరపు మేడ మీది నుంచి కూడా వాటిని తీయవచ్చు. గెలాక్సీల కాంతి అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. తెల్లని ఎల్ఈడీ వీధి దీపాల నుంచి దాన్ని ఏ ఫిల్టరూ విడదీయలేదు. గెలాక్సీల కోసం ఊరు దాటాల్సిందే. అలా దాటి వెళ్లాలంటే సామాను చేతికందే బరువులో ఉండాలి, చిన్న టెలిస్కోప్‌కు ఇది మరో బలం.

మన అక్షాంశం ఇచ్చే వరాలూ ఉన్నాయి. లండన్‌లో ఎన్నటికీ ఉదయించని ఒమేగా సెంటారీ మహా గుచ్ఛం హైదరాబాద్‌లో ఏప్రిల్, మే రాత్రుల్లో 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లగూన్ నీహారిక అక్కడ 14 డిగ్రీల దగ్గర దిగంతపు మసకలో ఈదుతుంటే, ఇక్కడ 48 డిగ్రీలకు ఎక్కుతుంది. బాధాకరమైన విషయం, ధనురాశి రాత్రుల్లో బాగా కనిపించే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వర్షాకాలం. దాన్ని ఏప్రిల్, మే తెల్లవారుజాముల్లో పట్టుకోవాలి. ఓరియన్, కృత్తికలు, రోజెట్ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నిర్మలమైన ఆకాశంలో దొరుకుతాయి. కొత్తవారు అక్టోబర్, నవంబర్ లోపు సామాను సిద్ధం చేసుకుని సాధన చేస్తే ఆ కాలం వృథా కాదు.

కోస్తాలో తేమ పెద్ద శత్రువు. రాత్రి పూట ముందు కటకం మీద మంచు పడుతుంది, హీటర్ పట్టీ తప్పనిసరి. వానాకాలంలో సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో దాచకపోతే కటకాల మీద బూజు పడుతుంది. బూజు గాజు పూతను తినేస్తే మళ్లీ బాగుచేయడం కష్టం.

కొనేటప్పుడు

మొదటి టెలిస్కోప్‌గా ఈ వ్యాసకర్త చెప్పేది ఇది: 60 నుంచి 80 మి.మీ. వ్యాసం, 300 నుంచి 450 మి.మీ. నాభ్యంతరం గల ఈడీ రిఫ్రాక్టర్, దానికి తగిన ఫ్లాటెనర్, 17 డిగ్రీల కిందికి వంగగల ఈక్వటోరియల్ మౌంట్, ఇంట్లో ఉన్న డీఎస్ఎల్ఆర్. ఫోకసర్ గట్టిగా ఉండాలి, కెమెరా బరువుకు జారకూడదు. పావెల్ బహతినోవ్ 2005లో రూపొందించిన చీలికల మూత చవకైనదే, ఫోకస్ కుదిరిందో లేదో క్షణంలో చెబుతుంది, తప్పక కొనండి.

పాత సామాను మంచిదైతే భయపడనక్కర్లేదు. కటకాలను టార్చి వేసి చూడండి, బూజు, గీతలు కనిపిస్తాయి. మౌంట్‌ను రెండు అక్షాల మీదా చేత్తో ఊపి చూడండి, లోపల ఖాళీగా కదిలితే వదిలేయండి. వీలైతే డబ్బు ఇచ్చే ముందు ఒక రాత్రి ఆ సామానుతో ఉన్నవారి పక్కన కూర్చుని, పెట్టె విప్పిన దగ్గర్నుంచి తొలి ఫ్రేము దాకా చూడండి. బరువు ఎత్తి చూడండి, మెట్లెక్కి చూడండి. మీరు అలవోకగా మేడ మీదికి మోసుకెళ్లగలిగిన దాన్నే కొనండి.